సుబ్బారావు మందులు, కంపెనీ పేటెంట్లు

గోదావరి జిల్లాలకు బోదకాలు కొత్త జబ్బు కాదు. 1955లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2004 నుంచి అది ఊరూరా సామూహికంగా మందులు మింగించే కార్యక్రమంగా మారింది. అన్నేళ్లుగా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ మోసుకెళ్లిన ప్రధానమైన మాత్ర డీఈసీ, అంటే డైఈథైల్ కార్బమజీన్. 1947లో హెట్రజాన్ అనే పేరుతో ఆ మందును ప్రపంచం ముందు పెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాల. అప్పుడు అక్కడ పరిశోధనలకు డైరెక్టర్ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

తెలుగునాట సుబ్బారావు గురించి ఎప్పుడు మాట వచ్చినా ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది. ఆయన దేనికీ పేటెంట్ తీసుకోలేదు, తీసుకుని ఉంటే కోటీశ్వరుడయ్యేవాడు, నోబెల్ వచ్చేది అని. పేటెంట్‌కీ నోబెల్‌కీ సంబంధం లేదన్నది అలా ఉంచితే, ఈ కథలో ఒక పెద్ద లోపం ఉంది. సుబ్బారావు వదులుకున్నారు కాబట్టి ఆ మందులు లోకానికి ఉచితంగా దక్కాయన్న భ్రమ కలిగిస్తుంది. జరిగింది వేరు. పేటెంట్లు ఉన్నాయి. వాటి బరువు ఎక్కువగా మోసిన దేశాల్లో ఆయన పుట్టిన దేశం ఒకటి.

1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావు చదువు రాజమహేంద్రవరంలో నత్తనడకన సాగింది. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడనీ, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా డబ్బొస్తుందని అనుకున్నాడనీ, తల్లి వెంకమ్మ వెనక్కి పట్టి తెప్పించిందనీ ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో సన్యాసం మీదికి, రామకృష్ణ మిషన్ మీదికి మనసు పోయింది. తల్లి ఒప్పుకోలేదు. కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో పెళ్లయింది. వైద్యవిద్యకు మామగారే ఆసరా అయ్యారు.

అది గాంధీ పిలుపు దేశమంతా పాకుతున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది మింగుడుపడలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసు తలుపులు దాంతో మూసుకున్నాయి. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు ఉష్ణమండల స్ప్రూ. పేగులు తిండిని ఒంటబట్టించుకోవడం మానేస్తాయి. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోతాడు. అప్పటి వైద్యం దగ్గర దానికి జవాబు లేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి డబ్బు కలిపి 1920ల మొదట్లో బోస్టన్‌కు ఓడ ఎక్కారు. మూడేళ్లలో తిరిగొస్తానని భార్యకు చెప్పి వెళ్లారు. తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడలేదు. శేషగిరి కూడా భర్తను మళ్లీ చూడలేదు. సుబ్బారావు మీద వచ్చే వ్యాసాల్లో త్యాగం అనే మాట ఆయన ఖాతాలోనే పడుతుంటుంది. ఆ ఖాతాలో ఆమె పేరూ రాయాల్సింది.

హార్వర్డ్‌లో పేటెంట్ మాటే లేదు

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేస్తూ, పొట్ట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో పనివాడిగా చేశారు. తర్వాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. 1925లో ఆ ఇద్దరి పేర్లతో ఒక పద్ధతి అచ్చయింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. శాంపిల్‌లో మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయీకరించే రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ తక్కువ రక్తంతో, తక్కువ సమయంలో, ఏ మామూలు ల్యాబ్‌లోనైనా చేయగలిగిన పరీక్ష కావడంతో ప్రపంచమంతా పాకిపోయింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని తరతరాలుగా నేర్చుకుంటున్నది దీన్నే.

ఆ పద్ధతి చేతిలో ఉండటం వల్లే కండరాల్లో వాళ్లు ఒక వింత గమనించారు. విశ్రాంతిలో ఉన్న కండరంలో ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం ఉంది. కండరం పనిచేస్తే తగ్గుతుంది, ఊరుకుంటే మళ్లీ పేరుకుంటుంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం కదలికకు శక్తి లాక్టిక్ ఆమ్లం పుట్టుక నుంచి వస్తుందన్నది అప్పటికి నోబెల్ పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల అవగాహన. దాని పునాది కదిలింది. 1929లో జీవకణాల శక్తి నాణెం అనదగిన ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, ఇటు ఫిస్క్, సుబ్బారావు వేర్వేరుగా వేరుచేశారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

ఇక్కడ పేటెంట్ సంగతికొద్దాం. ఈ ఆవిష్కరణల్లో ఒక్కదానికీ పేటెంట్ లేకపోవడానికి సుబ్బారావు ఔదార్యం ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. ఆనాటి విశ్వవిద్యాలయ వైద్య పరిశోధనలో అదే ఆనవాయితీ. 1934లో హార్వర్డ్ దాన్ని రాతపూర్వక నియమంగానే పెట్టింది. వైద్య చికిత్సకు, ప్రజారోగ్యానికి సంబంధించిన పేటెంట్లను విశ్వవిద్యాలయ పాలకుల అనుమతి లేకుండా అక్కడివాళ్లు తీసుకోకూడదు. విశ్వవిద్యాలయం తీసుకున్నా, ప్రజలకు అంకితం చేయడానికే తీసుకోవాలి. వ్యక్తి సుగుణం అని మనం చెప్పుకుంటున్నదాని వెనక ఒక వ్యవస్థ ఉంది. ఆ వ్యవస్థ ఉన్నంతకాలం ఫాస్ఫరస్ పరీక్షను ఏ దేశంలో ఏ ఆసుపత్రి చేసుకున్నా ఎవరికీ పైసా కట్టనక్కర్లేకపోయింది.

హార్వర్డ్‌లో ఆయన పోగొట్టుకున్నది డబ్బు కాదు, పేరు. ఫిస్క్ దగ్గరే చదువుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత కాలంలో ఒక విషయం బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్క్ వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, దానికి కారణం అసూయేనని. ఈ మాట అన్నది ఎవరో అభిమాని కాదు, 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ పంచుకున్న శాస్త్రవేత్త. సుబ్బారావుకు హార్వర్డ్ శాశ్వత అధ్యాపక పదవి ఇవ్వలేదు. అమెరికాలో భారతీయులకు పౌరసత్వం పొందే దారి 1923 నాటి భగత్ సింగ్ థింద్ కేసు తీర్పుతో మూసుకుపోయి ఉంది. అది మళ్లీ తెరుచుకున్నది 1946లోనే. ఆయన అమెరికా పౌరుడు కాకుండానే చనిపోయారు.

పెర్ల్ రివర్

1930ల్లో సుబ్బారావు దృష్టి కాలేయం మీదికి మళ్లింది. పశువుల కాలేయం తినిపిస్తే పెర్నీషియస్ అనీమియా రోగులు బతుకుతున్నారని తెలిసిన రోజులవి. ఆ పరిశోధనకు 1934లో నోబెల్ వచ్చింది. అయితే కాలేయంలో ఏ పదార్థం ఆ పని చేస్తోంది? దాన్ని పట్టుకోవాలంటే టన్నులకొద్దీ కాలేయం కావాలి, పెద్ద పరికరాలు కావాలి, పదుల సంఖ్యలో కెమిస్టులు కావాలి. విశ్వవిద్యాలయంలో అవి లేవు. అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన లెడర్లీలో ఉన్నాయి. 1940లో ఆయన అక్కడికి మారారు. 1942 నాటికి పరిశోధన డైరెక్టర్ అయ్యారు.

అన్నదమ్ములను మింగిన జబ్బును ఆయన మర్చిపోలేదు. కథలో ఇంకో భారతీయ ముడి కూడా ఉంది. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్ర రక్తహీనతను గమనించారు. ఈస్ట్ సారంతో చేసిన మార్మైట్ తినిపిస్తే నయమవుతోందని తేల్చారు. అందులో ఉన్నది, కాలేయంలో ఉన్నది, పాలకూర ఆకుల్లోంచి 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు పట్టుకుని ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది ఒకే కుటుంబానికి చెందినవని మెల్లగా తేలింది. సుబ్బారావు బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపింది. ఆ ప్రకటన కింద పదహారు మంది పేర్లున్నాయి. డైరెక్టర్ పేరు మొదట లేదు, చివర లేదు, మధ్యలో ఎక్కడో ఉంది.

ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగుల్ని లేపి కూర్చోబెట్టింది. అయితే పెర్నీషియస్ అనీమియాలో నరాలు దెబ్బతినడాన్ని మాత్రం ఆపలేకపోయింది. దానికి కావలసింది బీ12. ఆ పరుగుపందెంలో 1948లో మెర్క్, గ్లాక్సో ముందు చేరాయి. లెడర్లీ ఓడిపోయింది.

మరో పందెంలో మాత్రం గెలుపు ఊహించని వైపు నుంచి వచ్చింది. ఫోలిక్ యాసిడ్ రక్తకణాలు పెరగడానికి అవసరమైతే, దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థం కేన్సర్ కణాల్ని ఆపొచ్చు కదా? బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్‌కు పెర్ల్ రివర్ నుంచి ఇలాంటి పదార్థాలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను ల్యుకేమియాతో చావుకు దగ్గరైన పిల్లలకు ఇచ్చారు. పదహారు మందిలో పది మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కేన్సర్‌కు మందుతో చికిత్స అనే ఆలోచనకు అది గట్టి పునాది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ కేన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకడంతో హెట్రజాన్ కోసం వెతుకులాట ఊపందుకుంది. ఈ మందు ఉన్న కారణం యుద్ధమైనా, దాని అవసరం ఎక్కువగా ఉన్నది గోదావరి డెల్టా లాంటి చోట్ల.

ఇక ఆరియోమైసిన్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరారు. దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవుల్ని పరీక్షించే పని ఆయనది. మిస్సోరీ విశ్వవిద్యాలయ పొలం నుంచి వచ్చిన మట్టిలో ఒక బంగారు రంగు జీవి దొరికింది. దానిలోంచి వచ్చిందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి ఏంటీబయోటిక్. 1948 జులైలో ప్రపంచానికి ప్రకటించారు. సరిగ్గా ఆ తర్వాతి నెల, ఆగస్టులో, 53 ఏళ్ల సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. ఆరియోమైసిన్ ఆయన ఒక్కడే కనుక్కున్నాడని రాసే తెలుగు వ్యాసాలు డగ్గర్‌కు అన్యాయం చేస్తాయి. ఆయన ప్రసక్తే లేకుండా రాసే అమెరికన్ వ్యాసాలు సుబ్బారావుకు అన్యాయం చేస్తాయి. ఆ వెతుకులాటను కంపెనీలో పెట్టించి, నడిపించిన విభాగాధిపతి ఆయనే.

ధర ఎవరు కట్టారు?

పెర్ల్ రివర్ హార్వర్డ్ కాదు. అక్కడ 1934 నియమం లేదు. కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవాళ్లు ఏం కనుక్కున్నా హక్కును కంపెనీకి రాసివ్వడం షరతు. పేటెంట్ కాగితం మీద ఆవిష్కర్తగా ఎవరి పేరున్నా యజమాని మాత్రం కంపెనీయే. ఆరియోమైసిన్ పేటెంట్ 1949లో డగ్గర్ పేరిట వచ్చింది. హక్కుదారు అమెరికన్ సయనమిడ్. కాబట్టి సుబ్బారావు పేటెంట్ తీసుకున్నాడా లేదా అన్న ప్రశ్న నిజానికి పెద్ద ప్రశ్న కాదు. తీసుకున్నా ఆయనది అయ్యేది కాదు. ఆయనకు డబ్బు మీద మోజు లేదన్నది ఆయన్ను ఎరిగినవాళ్లంతా చెప్పిన సంగతే, దాన్ని కాదనక్కర్లేదు. కానీ ఒక మనిషి నిరాడంబరత మందు సీసా మీద ధరను తగ్గించదు.

భారత్‌లో ఏం జరిగిందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇక్కడ అమల్లో ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వం చేసిన 1911 నాటి పేటెంట్లు, డిజైన్ల చట్టం. మందుకే పేటెంట్ ఇచ్చే చట్టం అది. పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేవి. కొత్త మందును ఇక్కడి కంపెనీ వేరే దారిలో తయారుచేసినా కోర్టు మెట్లెక్కాల్సిందే. 1959లో అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ ఉపసంఘం మందుల కంపెనీల లాభాల మీద విచారణ మొదలుపెట్టింది. ఆ నివేదికలో భారత్ ప్రస్తావన వచ్చింది. మందుల ధరలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని అది తేల్చింది. ఉదాహరణగా పేర్కొన్న మందుల్లో లెడర్లీ బ్రాండ్లైన ఆరియోమైసిన్, అక్రోమైసిన్ ఉన్నాయి.

అంటే భీమవరం నుంచి వెళ్లిన మనిషి నడిపిన ప్రయోగశాలలో పుట్టిన ఏంటీబయోటిక్‌ను, ఆయన పుట్టిన పేద దేశం ప్రపంచంలోనే అత్యధిక ధరల్లో ఒకటి కట్టి కొనుక్కుంది. పేటెంట్ తీసుకోని మహానుభావుడి కథ చెప్పుకుంటున్నప్పుడు దీన్ని చెప్పకుండా దాటేయడం కుదరదు.

కెఫావర్ నివేదికలోని ఆ మాటలు ఢిల్లీలో పేటెంట్ చర్చల్లో పదేపదే వినిపించాయి. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లోనే తన నివేదిక ఇచ్చారు. మందులకు ఉత్పత్తి పేటెంట్ ఇవ్వొద్దు, తయారీ పద్ధతికి మాత్రమే ఇవ్వాలని అందులో సిఫారసు చేశారు. ఏళ్లకేళ్లు నలిగి అది 1970లో పేటెంట్ల చట్టమైంది. 1972లో అమల్లోకి వచ్చింది. మందు మీద పేటెంట్ పోయి, తయారుచేసే దారి మీద మాత్రమే, అదీ తక్కువ కాలానికి, మిగిలింది. ఇంకో దారి కనుక్కున్నవాడికి అడ్డు లేదు.

ఆ దారులు కనుక్కునే పని తెలుగు నేల మీదే పెద్దయెత్తున జరిగింది. సోవియట్ సాయంతో కేంద్రం 1961లో స్థాపించిన ఐడీపీఎల్ ఏంటీబయోటిక్స్ ప్లాంటును రిషికేశ్‌లో, సింథటిక్ డ్రగ్స్ ప్లాంటును హైదరాబాద్‌లో పెట్టింది. బాలానగర్ ప్లాంటులో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ప్రారంభించారు. హైదరాబాద్ ఫార్మా పటంలోకి ఎక్కిందంటే కారణం ఒక్కరి మేధస్సు కాదు, 1970 చట్టం ఇచ్చిన ముప్పై ఏళ్ల వెసులుబాటు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంతో 2005 జనవరి నుంచి ఉత్పత్తి పేటెంట్లు మళ్లీ వచ్చాయి. అప్పటికి తయారీ పునాది గట్టిపడి ఉంది. 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్ గ్లివెక్ పేటెంట్ దరఖాస్తును కొట్టేసింది. పాత పదార్థానికి చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడిగితే కుదరదని చట్టంలోని 3(డి) సెక్షన్ ఆధారంగా తేల్చింది. గ్లివెక్ కూడా ల్యుకేమియా మందే. పెర్ల్ రివర్ నుంచి బోస్టన్‌కు సీసాలు వెళ్లిన జబ్బు కుటుంబానికి చెందినదే.

సుబ్బారావు మరణానంతరం ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్టాంపు వేసింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మెడికల్ షాపుల ముందు క్యూ కట్టింది టెట్రాసైక్లిన్ మాత్రల కోసం. అప్పటికి అవి భారతీయ కంపెనీలు తయారుచేస్తున్న చవక మాత్రలు.

ఆయన అన్నదమ్ములను బలితీసుకున్న ఉష్ణమండల స్ప్రూకు ఇవాళ వైద్య పాఠ్యపుస్తకాలు చెప్పే చికిత్స సూటిగా ఉంటుంది. కొన్ని నెలలపాటు ఫోలిక్ యాసిడ్, దానితోపాటు టెట్రాసైక్లిన్. రెండింటి పేటెంట్ గడువూ ఎప్పుడో తీరిపోయింది.